కుర్చీలకి దొరికిన గది పిల్లలకి దొరకలేదు

పొద్దున్నుంచి మనసు మనసులో లేదు. షాపులో రెండు మోటార్లు విప్పి పెట్టుకున్నాను, వాటికి వైండింగ్ చుట్టడానికి చెయ్యి ఆడట్లేదు. తీగ పక్కన పడేసి ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఇవాళ ఆదివారం, మేం ఊరి పిల్లలతో విమానాల ప్రయోగాలు చేయించే రోజు. తొమ్మిదింటికల్లా పధ్నాలుగు మంది పిల్లలు పాత ఎలిమెంటరీ స్కూలు దగ్గరికి వచ్చేశారు. చంకలో థర్మాకోల్ షీట్లు, జేబుల్లో రబ్బరు బ్యాండ్లు. నేను వెళ్ళేసరికి అందరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. గదికి కొత్త తాళం. కిటికీలోంచి చూస్తే లోపల పైకప్పు దాకా ప్లాస్టిక్ కుర్చీలు, శామియానా గుడ్డలు, గుంజలు. వాటి కింద, గోడ మూల, మా గాలి పెట్టె నలిగిపోయి ఉంది.

ఆ పెట్టె గురించి చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు.

విమానం రెక్క చుట్టూ గాలి ఎలా వెళ్తుందో చూడ్డానికి ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెతో చేసింది అది. రెండు చివరలూ కోసేశాం. ఒక చివర పాత టేబుల్ ఫ్యాను, గాలిని లోపలికి తోయకుండా బయటికి లాగేలా తిప్పి బిగించాం. రెండో చివర కొబ్బరినీళ్ళు తాగే స్ట్రాలు, దాదాపు ఎనిమిది వందలు, పక్కపక్కనే పేర్చి జిగురుతో అతికించాం. సుడులు తిరిగే గాలి వాటిలోంచి వచ్చేసరికి తిన్నగా అవుతుంది. ఆ స్ట్రాలన్నీ పిల్లలు బొండాల బళ్ళ దగ్గర ఏరి, కడిగి, ఎండబెట్టి తెచ్చినవే. పక్కన పాత ఫొటో ఫ్రేము అద్దం బిగించాం, లోపల ఏం జరుగుతోందో కనపడ్డానికి. స్ట్రాల ముందు అగరొత్తి వెలిగిస్తే పొగ సన్నటి దారంలా లోపలికి సాగుతుంది. మధ్యలో థర్మాకోల్ రెక్క.

రెండు వారాల కిందట ఏడో తరగతి అమ్మాయి ఆ రెక్క ముక్కు కొంచెం కొంచెంగా పైకెత్తుతూ వెళ్ళింది. ముందు పొగ రెక్కనే అంటిపెట్టుకుని జారింది. ఇంకొంచెం ఎత్తింది, అయినా జారింది. మరి కాస్త ఎత్తగానే రెక్క పైభాగాన్ని పొగ ఒక్కసారి వదిలేసి సుడులు తిరిగింది. ఆ పిల్ల అద్దానికి ముక్కు ఆనించి, "మావయ్యా, గాలి రెక్కని వదిలేసింది" అంది.

దాన్నే పైలట్లు స్టాల్ అంటారు. ముక్కు మరీ పైకెత్తితే రెక్కకి గాలి పట్టు తప్పుతుంది, మోసే బలం పడిపోతుంది, విమానం కూలేంత ప్రమాదం. పైలట్ ట్రైనింగులో మొదట్లోనే నేర్పే పాఠం. మా ఊరి పిల్ల ఎవరూ చెప్పకుండా, పుస్తకం తెరవకుండా, అగరొత్తి పొగలో చూసి తనంతట తను చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు నేను, అంత ఆనందం.

ఆ పెట్టె మీద కుర్చీలు పడేశారండీ.

తాళంచెవి ఉన్న పెద్దాయన ఇంటికి వెళ్ళాను. మర్యాదగానే అడిగాను. "పెళ్ళిళ్ళ సీజను వస్తోంది అబ్బాయ్, సామాను ఎక్కడ పెట్టుకోమంటావ్?" అన్నారు. సరే, వేరే చోటు చూద్దామన్నాను. అప్పుడన్న మాట మాత్రం పొద్దున్నుంచి చెవిలో మోగుతూనే ఉంది. "ఈ విమానాల వల్ల మార్కులేమన్నా వస్తాయేంటయ్యా? ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్ పెట్టించు, పాతిక వేలు నేనే ఇస్తాను."

మార్కులు! ఆ ఒక్క మాటతో ఈ గోదావరి డెల్టాలో ఎన్ని తరాల పిల్లల చేతులు కట్టేశామో ఆలోచించండి.

3, 4, 5 తరగతులు హైస్కూల్లో కలిపాక ఆ గది ఖాళీగానే ఉంది. గబ్బిలాలు కాపరం పెట్టాయి. మేం నలుగురం, నేను, రిటైరైన సైన్స్ మాస్టారు, డ్రోన్‌తో మందు కొట్టే కుర్రాడు, చెరువు నీళ్ళకి గాలి అందించే ఎయిరేటర్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్, మూడు రోజులు ఊడ్చి, కడిగి, సున్నం కొట్టాం. అన్ని రోజులూ ఆ గది ఎవరికీ గుర్తు రాలేదు. పిల్లలు చేరి శుభ్రం అయ్యాకే కుర్చీలకి చోటు గుర్తొచ్చింది.

మాకు పనితనం తెలియదా అంటే, కోనసీమకి ఆ మాట ఎవరూ అనలేరు. కనుమ నాడు జగ్గన్నతోటకి ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపిన ఎత్తైన వెదురు కట్టడాలు, వచ్చేది చూసినవాళ్ళకి తెలుసు. వెదురు కర్రలు వంచి, తాళ్ళతో కట్టి, అంత ఎత్తు ప్రభ లేపి, భుజాల మీద పెట్టుకుని, పచ్చటి చేలల్లోంచి, కౌశిక నది దాటించి, శరభ శరభ అంటూ తీసుకొస్తారు. ఒక పక్కకి ఒరిగితే ఎవరు తాడు లాగాలో, ఎవరు వదలాలో అందరికీ తెలుసు. బరువు ఎక్కడ ఉండాలి, గాలి ఎటు తోస్తుంది, వెదురు ఎంత వంగుతుంది, ఇవన్నీ చేత్తో తెలిసిన ఊళ్ళు ఇవి. విమానం కట్టేవాడికి కావలసిన మొదటి పాఠాలు అవే కదా! ఆ పెద్దాయనే కుర్రతనంలో ప్రభ ముందు కొమ్ము పట్టినవాడు. ఆయనకే అర్థం కాకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలి?

రైట్ సోదరులది సైకిల్ షాపు. ఇద్దరిలో ఎవరికీ హైస్కూలు డిప్లొమా కూడా లేదు. 1901లో ఆరడుగుల చెక్క పెట్టె, ఒక ఫ్యాను పెట్టుకుని, దాదాపు రెండొందల రకాల చిన్న చిన్న రెక్కలు ఒక్కొక్కటే పరీక్షించారు. అంతకుముందు పుస్తకాల్లో ఉన్న లెక్కలతో వాళ్ళ గ్లైడర్లు సరిగ్గా ఎగరలేదు, అందుకే సొంతంగా కొలుచుకున్నారు. 1903 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు. మా గుడి దగ్గర నుంచి చెరువు గట్టు దాకా కూడా రాదు. ఆ 12 సెకన్లకి ముందు ఆ పెట్టె ఉంది. వాళ్ళకీ ఆ పెట్టె మీద సామాను పడేసేవాళ్ళుంటే?

పుస్తకం అంటే గుర్తొచ్చింది. మా పిల్లల్లో ఒకడు థర్మాకోల్ ప్లేటుతో చేసిన గ్లైడరు బడికి తీసుకెళ్ళాడు. రెక్క బల్లపరుపుగా ఉంది. వాళ్ళ సార్, "రెక్క పైన వంపు లేదు, ఇది ఎగరదు. పైన దూరం ఎక్కువ కాబట్టి గాలి తొందరగా వెళ్ళి కింద గాలిని కలుసుకోవాలి, అలా రాయి" అన్నారట. వాడు అప్పటికే మా పొలం గట్టు మీద దాన్ని పాతిక అడుగులు ఎగరేశాడు! పైనుంచి వెళ్ళిన గాలి కింద గాలిని కలుసుకోవాలన్న రూలు ఎక్కడా లేదు. రెక్క కొంచెం వాలుగా ఉండి గాలిని కిందికి మళ్ళిస్తే, ఆ గాలి రెక్కని పైకి తోస్తుంది. వంపు ఉంటే ఇంకా బాగా పనిచేస్తుంది, లేకపోయినా ఎగురుతుంది. ముక్కు దగ్గర రెండు పేపర్ క్లిప్పులు తగిలిస్తే వాడి గ్లైడరు ఇంకా తిన్నగా వెళ్ళింది. కళ్ళ ముందు ఎగిరినదాన్ని ఎగరదని రాయమంటే ఆ పిల్లాడు దేన్ని నమ్మాలి?

నా పాత గాయం కూడా ఇదే. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, ఇవాళ చెప్పేస్తున్నాను.

నేను చదివిన హైస్కూల్లో పచ్చరంగు బీరువా ఉండేది. అద్దంలోంచి మైక్రోస్కోపు, లెన్సులు, శృతిదండాలు, ఒక చిన్న మోటారు కనపడేవి. ఐదేళ్ళలో దాన్ని తెరవగా చూసింది ఇన్‌స్పెక్షన్ రోజున, అదీ దుమ్ము దులపడానికి. ఆ మోటారు ఎలా తిరుగుతుందో చూపించమని ఒకసారి అడిగాను. "పాడైతే మీ నాన్న కడతాడా?" అన్నారు. మా నాన్న కొబ్బరి వలిచేవాడు. మళ్ళీ అడగలేదు.

ఇంటర్ ఇంకా ఘోరం. పెద్ద కాలేజీ, పెద్ద ఫీజు, అప్పు చేసి కట్టారు. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కి ముందు మూడు రోజులు కూర్చోబెట్టి రికార్డు రాయించారు. లోలకం ప్రయోగంలో జి విలువ (భూమి ఆకర్షణ వల్ల వచ్చే త్వరణం) 980 దగ్గరికి వచ్చేలా వెనక నుంచి లెక్క కట్టి, ఊగిన సెకన్లు కూడా వాళ్ళే ఇచ్చారు. లోలకం మాత్రం నేను ముట్టుకోలేదు. ముప్పైకి ముప్పై వేశారు. ఆ రోజు నాకు నేర్పింది ఒక్కటే, సైన్స్ అంటే అబద్ధం పొందిగ్గా రాయడమని. ఆ అబద్ధం మరిచిపోవడానికి నాకు ఈ షాపు, ఇరవై ఏళ్ళు కావలసి వచ్చాయి. కాలిపోయిన మోటార్లే నాకు ఫిజిక్స్ చెప్పాయి.

1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి బద్దలై మండిన బ్లోఅవుట్ మా వయసు వాళ్ళకి ఎప్పటికీ మరుపు రాదు. 65 రోజులు మండింది. రాత్రిపూట ఆకాశం ఎర్రగా ఉండేది, పిల్లలం దడుచుకునేవాళ్ళం. అమ్మ కాపడం పెట్టినట్టు వీపు నిమురుతూ పడుకోబెట్టేది. అన్ని రోజుల్లో ఒక్క మాస్టారు కూడా, భూమిలో గ్యాస్ అంత ఒత్తిడితో ఎందుకు ఉంటుంది, బావి తవ్వేటప్పుడు అది ఎందుకు తన్నుకొచ్చింది, అని బోర్డు మీద ఒక్క బొమ్మ గీయలేదు. గ్యాసు మా కాళ్ళ కింద, హెలికాప్టర్లు మా తల మీద. సముద్రంలో రిగ్గుల దగ్గరికి అవి వెళ్తుంటే చేతులూపడమే మాకు తెలిసిన ఏవియేషన్.

ఇప్పుడు చేలల మీదకి డ్రోన్లు వచ్చాయి. మొన్న మందు కొట్టే డ్రోన్ దగ్గరికి మా పిల్లలు వెళ్ళారు. "పక్కపక్కన రెక్కలు ఒకటి ఇటు, ఒకటి అటు ఎందుకు తిరుగుతున్నాయి?" అని ఒకడు అడిగాడు. అన్నీ ఒకే వైపు తిరిగితే డ్రోన్ ఒళ్ళు ఎదురు వైపుకి గిర్రున తిరిగిపోతుంది, అందుకే సగం ఇటు, సగం అటు. మంచి ప్రశ్న కదా! మా నలుగురిలోని డ్రోన్ కుర్రాడు లేకపోతే ఆ జవాబు వాళ్ళకి దొరికేది కాదు, ఎందుకంటే ఆ డ్రోన్ నడిపేవాళ్ళు వేరే చోటి నుంచి వచ్చారు, గట్టు దిగమని కసిరారు. నడపడానికి సర్టిఫికెట్ కావాలంటే పదో తరగతి పాసై, 18 ఏళ్ళు నిండాలి. ఆ వయసు వచ్చేదాకా మా పిల్లలు గట్టు మీద నిలబడి చూస్తూనే ఉండాలా? తర్వాత దాన్ని బాగుచేయించడానికి మళ్ళీ పట్నానికే పంపాలా?

బడుల్లో ల్యాబులున్నాయి కదా అని కొందరంటారు. ఉన్నాయి. 2016లో అటల్ టింకరింగ్ ల్యాబులని, పిల్లలు చేత్తో చేసి నేర్చుకోవడానికి మొదలుపెట్టి, ఒక్కో బడికి 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చారు. బాగా నడిపే మాస్టార్లకి చేతులెత్తి దండం పెడతాను. నేను చూసిన ఒక బడిలో మాత్రం త్రీడీ ప్రింటరుకి వచ్చిన కవరు అలాగే ఉంది. బడిలో ల్యాబు నాలుగింటికి మూతపడుతుంది, ఆదివారం తెరవరు, బడి మానేసి రొయ్యల చెరువుల మీదకి వెళ్ళిన పిల్లాడు గేటు దాటలేడు. అందుకే ఊరికి సొంతంగా ఒక చోటు ఉండాలంటున్నాను. మన రాష్ట్రంలోనే కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ వాళ్ళు పల్లెటూరి పిల్లల చేతికి సామాను ఇచ్చి ప్రయోగాలు చేయిస్తున్నారు, వ్యాన్లలో వేసుకుని ఊళ్ళకి తీసుకెళ్తున్నారు. అక్కడ కుదిరింది, నీళ్ళూ డబ్బూ ఉన్న డెల్టాలో ఎందుకు కుదరదు?

డబ్బు లేదని మాత్రం నాకు చెప్పకండి. సంక్రాంతికి మూడు రోజుల కోడిపందేల బరి కోసం పొలం చదును చేసి, టెంట్లు వేసి, ఫ్లడ్‌లైట్లు పెట్టిన ఊళ్ళే ఇవి. మేం అడిగింది ఒక గది. పాత కంప్యూటరు రెండు, వాటిలో ఉచితంగా దొరికే ఫ్లయిట్ సిమ్యులేటరు, ఒక జాయ్‌స్టిక్, మల్టీమీటర్లు, సోల్డరింగ్ ఐరన్లు, థర్మాకోల్. అన్నీ కలిపి మేం లెక్కేసింది అరవై వేలు. అందులో సగం మా చేతి నుంచే వేసుకుంటామన్నాం.

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఈ డెల్టాలో బోదకాలుకి ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర ఆయన ల్యాబు నుంచి వచ్చిందే. మా అమ్మమ్మ ఆ కాలుతోనే పోయింది, అందుకే ఆ పేరు వినగానే నాకు గొంతు పట్టేస్తుంది. మా పిల్లలకి ఆయన ఒక బిట్టు ప్రశ్న. సరైన జవాబుకి ఒక మార్కు.

సాయంత్రం ఆ ఏడో తరగతి పిల్ల షాపుకి వచ్చింది. "మావయ్యా, పెట్టె పోతే పోయింది, స్ట్రాలు తీసుకోనిస్తారా? అవి మళ్ళీ ఏరాలంటే చాలా రోజులు పడుతుంది" అంది. నాకు మాట రాలేదు. వెళ్ళి కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి అందినన్ని లాగాం. రెండు గుప్పెళ్ళు వచ్చాయి. చాలావరకు అణిగిపోయాయి.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మా షాపు ముందే కూర్చుంటున్నాం. పెద్ద అట్టపెట్టె, తిరిగే టేబుల్ ఫ్యాను ఎవరింట్లో ఉన్నా తెచ్చివ్వండి. ఫ్యాను కాలిపోయిందైనా ఫరవాలేదు, వైండింగ్ నేను చేసుకుంటాను.