లూప్ క్లోజ్ అయింది సరే, బెంచ్‌మార్క్ సంగతేంటి?

రైన్ నది మీద లాఫెన్‌బర్గ్ దగ్గర జర్మనీ, స్విట్జర్లాండ్ కలిసి కడుతున్న వంతెనకు రెండు ఒడ్ల మధ్య ఎత్తులో 54 సెంటీమీటర్ల తేడా ఉందని 2003లో బయటపడింది. జర్మనీ ఎత్తులకు ఆధారం ఆమ్‌స్టర్‌డామ్ సముద్రమట్టం, స్విట్జర్లాండ్‌కు మార్సెయ్. ఈ రెండింటి మధ్య 27 సెంటీమీటర్ల తేడా ఉందని ఇంజినీర్లకు ముందే తెలుసు, సవరణ కూడా వేశారు. కానీ ప్లస్, మైనస్ తారుమారై తేడా పోయే బదులు రెట్టింపైంది. పరికరాలది ఏ తప్పూ లేదు.

సైట్లో లెవెల్ తేడా వస్తే ముందు అనుమానించేది పరికరాన్నే. నిజానికి దాన్ని పట్టుకోవడం తేలిక. టూ పెగ్ టెస్ట్ (రెండు మేకుల ఎత్తు తేడాను రెండు చోట్ల నుంచి కొలిచి పోల్చడం) చేస్తే ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు కొలిచే దుర్భిణి) చూపు ఎంత వంగిందో తెలుస్తుంది. బ్యాక్‌సైట్ (వెనక పాయింట్ మీది రీడింగ్), ఫోర్‌సైట్ (ముందు పాయింట్ మీది రీడింగ్) దూరాలు సమానంగా ఉంచితే ఆ దోషం, దాంతో పాటు భూవక్రత ప్రభావం కూడా చాలావరకు రద్దవుతాయి. పట్టుబడనిది టీబీఎం విలువలోని తప్పు. ఎత్తు తెలిసిన గుర్తు బెంచ్‌మార్క్ అయితే, సైట్లో పెట్టుకునే తాత్కాలిక బెంచ్‌మార్కే టీబీఎం. బయలుదేరిన టీబీఎంకే తిరిగొచ్చి లూప్ మూసి, తేడా 2 మిల్లీమీటర్లే అని సంబరపడతాం. ఆ టీబీఎం విలువే 10 సెంటీమీటర్లు తప్పైనా లూప్ అంతే చక్కగా క్లోజ్ అవుతుంది! మామూలు పనుల్లో తరచూ వాడే 12 మిల్లీమీటర్లు × లూప్ పొడవు (కిలోమీటర్లలో) వర్గమూలం అన్న తేడా పరిమితి కూడా మన నడకను పరీక్షిస్తుంది తప్ప, బయలుదేరిన చోటును కాదు.

అందుకే మరో స్వతంత్ర బెంచ్‌మార్క్ మీద ముగించని లెవెలింగ్‌ను నేను సగం పనిగానే చూస్తాను. సైట్లో కనీసం మూడు కంట్రోల్ పాయింట్లు (కొలతలకు ఆధారమైన స్థిర గుర్తులు) కావాలి. రెండే ఉంటే ఏదో కదిలిందని తెలుస్తుంది గానీ ఏది కదిలిందో తెలీదు. వాటిని తవ్వకాలకు, పైల్స్ దించే చోటుకు దూరంగా, ఇంకా కుంగుతున్న నేల మీద కాకుండా పెట్టాలి. ఫుట్‌పాత్ అంచు మీద పెయింట్‌తో గీసిన బాణం గుర్తుకు ఈ అర్హతలేవీ ఉండవు, అయినా సైట్లలో ఎక్కువగా కనిపించేది అదే.

జీపీఎస్ వచ్చాక ఇదంతా పాత చాదస్తం అనేవాళ్లున్నారు. జీపీఎస్ నేరుగా ఇచ్చేది ఎలిప్సాయిడ్ (భూమికి బదులు లెక్కల్లో వాడే నున్నటి రూపం) మీది ఎత్తు. సముద్రమట్టం నుంచి లెక్కించే ఎత్తుకు, దానికి మధ్య తేడా ప్రపంచంలో చోటును బట్టి సుమారు మైనస్ 100 మీటర్ల నుంచి ప్లస్ 85 మీటర్ల దాకా మారుతుంది. సరైన జియాయిడ్ మోడల్ (ఈ తేడా ఏ చోట ఎంతో చెప్పే లెక్క) వేసుకున్నా, ఆర్‌టీకేలో (బేస్ స్టేషన్ సవరణలతో పనిచేసే జీపీఎస్‌లో) ఎత్తు ఖచ్చితత్వం అడ్డం కొలతల కంటే తక్కువే. మట్టిపనికి ఇది చాలు. ఫ్లోర్ స్లాబ్‌కు, గ్రావిటీ మీద పారే డ్రైనేజీ పైపులకు మాత్రం ఆటో లెవెల్, స్టాఫ్ (కొలత కర్ర) పట్టుకోవాల్సిందే.

అసలు చిక్కు టైమ్ దగ్గర ఉంది. పాయింట్లను మళ్లీ చెక్ చేయడానికి షెడ్యూల్లో సగం రోజు కూడా ఉండదు, బిల్లులో దానికంటూ ఒక లైనూ ఉండదు. డేటమ్ (ఎత్తులు ఏ సముద్రమట్టం నుంచి లెక్కించారో ఆ ఆధారం) పేరేమో డ్రాయింగ్‌లో ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. కంట్రోల్ పాయింట్ల చెకింగ్‌ను విడి ఐటమ్‌గా టెండర్‌లోనే చేర్చి, ప్రతి టీబీఎం విలువ పక్కన డేటమ్ పేరు, చివరిగా చెక్ చేసిన తేదీ రాయడం తప్పనిసరి చేయాలి. తేదీ లేని విలువ మీద కాంక్రీట్ పోయనని చెప్పే హక్కు సర్వేయర్‌కు ఉండాలి.