సవరణ: ఎడ్జ్‌హిల్ కంటే ముందు పోవిక్ వంతెన

రాజు మొదటి చార్లెస్‌కు, పార్లమెంటుకు మధ్య జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధంపై మొన్నటి పోస్టులో, రాజు సైన్యం, పార్లమెంటు సైన్యం మొదట తలపడింది ఎడ్జ్‌హిల్‌లో అని ఉంది. అది మొదటి పెద్ద యుద్ధం మాత్రమే (1642 అక్టోబర్ 23). సరిగ్గా నెల ముందు, సెప్టెంబర్ 23న, వూస్టర్ దగ్గర పోవిక్ వంతెన వద్ద ఇరువైపుల గుర్రపు దళాలు కొట్టుకున్నాయి.

రాజు తరఫున గుర్రపు దళాన్ని నడిపిన ప్రిన్స్ రూపర్ట్ మనుషులు కవచాలు విప్పేసి పొలంలో సేదతీరుతున్నారు. పార్లమెంటు రౌతులు ఇరుకు వంతెన దాటి, సందులాంటి బాటలో ఒకరి వెనక ఒకరు వచ్చారు. కంచెల చాటు నుంచి రూపర్ట్ మనుషుల తుపాకులు పేలాయి. పార్లమెంటు రౌతులు పొలంలోకి వచ్చి బారులు తీరేలోపే రూపర్ట్ వాళ్ల మీద పడ్డాడు. అతని మనుషులకు కవచం తొడుక్కునే టైమ్ కూడా లేదు. కాసేపట్లో రూపర్ట్ గెలుపుతో అంతా అయిపోయింది.

చిన్న పోరే, కానీ వదిలేయదగ్గది కాదు. రూపర్ట్ రౌతులంటే హడల్ ఇక్కడే మొదలైంది.