చీర, తాడు, ఐదు వందలు: ఈ లెక్క కుదరదు

"పాత చీర ఒకటి, నైలాన్ తాడు పది మీటర్లు, వీపు కింద దుప్పటి. ఏ చెట్టుకైనా బిగించి కట్టండి, ఎంత బిగిస్తే అంత చదును. ఐదు వందల్లో అడవిలో పడుకునే ఊయల సిద్ధం. కంపెనీలు మిమ్మల్ని దోచుకుంటున్నాయి." ట్రెకింగ్‌కు వెళ్లేవాళ్ల మధ్య ఈ మాట కొంతకాలంగా తెగ తిరుగుతోంది. సామాను సొంతంగా కుట్టుకోవడం మంచిదే, నేనూ కుట్టుకుంటాను. నా పేచీ అంతా ఒక్కటే: డబ్బు మిగల్చకూడని చోట మిగల్చమంటోంది, నిజంగా మిగిలే చోటు ఊసే ఎత్తడం లేదు.

ముందు చీర సంగతి. పిల్లల్ని తరతరాలుగా చీర ఉయ్యాలలోనే పడుకోబెడుతున్నాం కదా అంటారు. పసిబిడ్డ బరువు ఎంత, మన బరువు ఎంత? పైగా చీర పన్నా 1.1, 1.2 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఊయలలో పొడవునా సూటిగా పడుకుంటే నడుము వంగిపోతుంది. ఐమూలగా పడుకుంటేనే వీపు చదునుగా ఉంటుంది. అందుకు దాదాపు 1.5 మీటర్ల పన్నా, 3.3 మీటర్ల పొడవు కావాలి. గళ్ల నేత ఉన్న రిప్‌స్టాప్ నైలాన్ తీసుకోండి, ఆ గళ్లలోని మందపు పోగులు చిరుగును పాకనివ్వవు. కుట్టు పని నిజానికి చాలా తక్కువ. పొడుగు అంచులు సన్నగా మడిచి కుట్టాలి. పొట్టి అంచులకు, లంగాకు బొందు ఎక్కించే మడత లాంటిది, మూడు వరుసల కుట్టుతో వేయాలి. దారం పాలిస్టర్‌దే కావాలి, నూలు దారం తేమకు కుళ్లుతుంది. మిషన్ లేకపోతే వీధి చివర టైలర్ ఉన్నారు.

"ఎంత బిగిస్తే అంత చదును" అన్నది మొత్తం సలహాలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. ఇంటర్ ఫిజిక్స్ చాలు దీన్ని తేల్చడానికి. 70 కిలోల మనిషి పడుకున్నాక తాడు నేలకు సమాంతరమైన గీతకు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు పడే లాగుడు 70 కిలోలే. ఇంకా బిగించి వాలును 10 డిగ్రీలకు తగ్గిస్తే అది 200 కిలోలు. 5 డిగ్రీలైతే 400! ఇది కదలకుండా పడుకున్నప్పటి లెక్క, ధబ్బున కూర్చుంటే ఇంకా ఎక్కువ. అటు చూస్తే ముడి వేసిన చోట తాడు బలం సగం దాకా పడిపోవచ్చు. నైలాన్ తాడుకు సాగే గుణం ఉంది కాబట్టి రాత్రి మోకాలి ఎత్తున పడుకున్నవారు తెల్లారేసరికి నేలను తాకుతుంటారు. సన్నని తాడు చెట్టు బెరడును కోసేస్తుంది కూడా. చెట్టుకు చుట్టడానికి కనీసం అంగుళం వెడల్పున్న పాలిస్టర్ నవారు వాడాలి. ఊయల రెండు కొసల మధ్య, గుడ్డ పొడవులో 83 శాతం ఉండేలా, అంటే 3.3 మీటర్లకు సుమారు 2.74 మీటర్లు, సాగని సన్నతాడు ఒకటి కడితే చెట్లు దగ్గరున్నా దూరమున్నా గుడ్డ వంపు మారదు. కీచైన్లకు వచ్చే కొక్కేలు మాత్రం ఇంట్లోనే వదిలి రండి.

"ఏ చెట్టుకైనా" అంటున్నవారు మునగకొమ్మ ఎక్కిన పిల్లవాణ్ని ఎప్పుడూ చూసి ఉండరు.

ఇక దుప్పటి. లంబసింగి చలికాలం సంగతి సరేసరి, 20 డిగ్రీల రాత్రి కూడా ఊయలలో వీపు చల్లబడుతుంది. దుప్పటి వెచ్చదనం దానిలో చిక్కుకున్న గాలిది. మీరు పైన పడుకోగానే అది అణిగి గాలి బయటికి పోతుంది, కింద నుంచేమో చల్లగాలి వీస్తూనే ఉంటుంది. ఎన్ని మడతలు వేసినా పెద్దగా తేడా ఉండదు. నీరు పీల్చని ఫోమ్ చాప కొంత మేలు. అసలు పరిష్కారం ఊయల కింద, బయటి వైపు వేలాడే బొంత.

ఐదు వందల మాట కూడా ఇక్కడే తేలుతుంది. నవారు, సరైన గుడ్డ, వానకు పైన కట్టే టార్ప్ కలిపితే ఆ అంకె దాటిపోతుంది. మామూలు ఊయల రెడీమేడ్‌గా కొన్నా పెద్ద నష్టం లేదు. వీపు సంచి సొంతంగా కుట్టుకున్నా బకిల్స్, జిప్పులు, ఫోమ్ విడిగా కొనేసరికి మిగిలేది అంతంతమాత్రమే. నిజంగా డబ్బు మిగిలేది ఆ కింది బొంత దగ్గర: రెడీమేడ్‌లో అది ఊయల కంటే ఖరీదైనది, కుట్టడానికి మాత్రం కష్టమైనది కాదు. రెండు పొరల పలుచని నైలాన్ మధ్య పాలిస్టర్ దూది షీటు పెట్టి, దూది జరగకుండా అక్కడక్కడా కుట్టు వేసి, రెండు కొసలకు ఎలాస్టిక్ ఎక్కించాలి. కట్టాక లోపల పడుకుని, ఇంకొకరిని కింద చేయి పెట్టి చూడమనండి: బొంత వీపుకు ఆనుకుని ఉండాలి, కానీ దూది అణగకూడదు.