మెట్ల కింద కాపురముంటున్న పాఠ్యప్రణాళిక గారికి

మహారాజశ్రీ పాఠ్యప్రణాళిక గారి దివ్యసముఖమునకు డాలస్ శివారు నుంచి ఇద్దరు పిల్లల తల్లి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమము. అక్కడ తమరును క్షేమమని తలంచెదను. అక్కడ అనగా మా మెట్ల కింద అరలో, వాక్యూమ్ క్లీనరుకూ పాత సూట్‌కేసులకూ నడుమ. తమ దాయాదులు ముగ్గురును అదే అరలో, వచ్చిన అట్టపెట్టెల్లోనే, క్షేమముగా నున్నారు.

గ్రాంథికం ఇంతకు మించి నాకు రాదు. ఇక మామూలు భాషలోకి దిగుతాను.

మీరు మా గుమ్మం ముందు వాలి పద్నాలుగు నెలలైంది. మిమ్మల్ని లోపలికి చేర్చడానికి నేనూ మా ఆయనా చెరో పక్కన పట్టుకోవలసి వచ్చింది. మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చేటప్పుడు ఆరు నెలలకు సరిపడా ఆవకాయ, కందిపొడి, చీరలు, పంచాంగం అన్నీ కలిపి 23 కిలోల సూట్‌కేసులో సర్దుకొచ్చారు. మీరూ ఇంచుమించు అంతే తూగారు. మీలో ఉన్నదల్లా బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే ఒక ఆరేళ్ల పిల్ల ఒకటో తరగతి. ధర 640 డాలర్లు, రవాణా ఖర్చు వేరే.

పెట్టె విప్పగానే వచ్చిన కొత్త పుస్తకాల వాసనకు నేను అక్కడికక్కడే లొంగిపోయానని ఒప్పుకుంటున్నాను. జూన్‌లో బడి తెరిచే ముందు, మా నాన్న కింద కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసినప్పుడు వచ్చేది అదే వాసన. 36 వారాలకు రోజువారీ పట్టిక, ఆరు రంగుల ప్లాస్టిక్ ఎలుగుబంట్లు, ఒకట్లూ పదులూ వందలూ చూపించే దిమ్మెలు. పట్టికలోని గళ్లను రంగు పెన్సిళ్లతో నింపుకుంటూ పది రోజులు గడిపాను. పాఠం మాత్రం ఒక్కటీ మొదలుపెట్టలేదు. మా అమ్మాయి పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినా, నాకని మీరు పంపిన ఉపాధ్యాయ మార్గదర్శిని అంత ఎత్తు రాలేదు. ఒకటో తరగతిలో చేరింది ఎవరో అప్పుడే అర్థం కావలసింది.

ఆ మార్గదర్శినిలో నేను పలకవలసిన మాటలన్నీ ముద్ద అక్షరాల్లో వేశారు. పక్కనే నాటకంలోలా సూచనలు. నాలుగో పేజీలో 'ఇప్పుడు మీ చిన్నారి వైపు చూసి చిరునవ్వు నవ్వండి' అని ఉంది. చూశాను, నవ్వాను. "అమ్మా, పన్ను నొప్పా?" అని అడిగింది మా అమ్మాయి. దానికి ఏమని జవాబు చెప్పాలో మీరు రాయలేదు.

అసలు మిమ్మల్ని ఎందుకు కొన్నానో చెప్పాలి. ఇంటి చదువును ప్రైవేటు బడి చదువుగానే లెక్కించాలని 1994లో టెక్సస్ సుప్రీంకోర్టు తేల్చింది. చదవడం, వర్ణక్రమం, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం: ఈ అయిదూ నేర్పాలి, పుస్తకమో వీడియోనో కళ్లకు కనిపించే పాఠం ఒకటి ఉండాలి, పైకి బడి అని చెప్పి లోపల ఊరికే కూర్చోకూడదు. అంతే. పేరు నమోదు లేదు, పరీక్ష లేదు, తల్లికి ఏ పట్టా ఉందని అడగరు. తనిఖీకి ఎవరూ రారు.

ఆ చివరి మాటే నా కొంప ముంచింది. ఇన్‌స్పెక్టరు వస్తాడంటే మంచి చీర కట్టుకుని, గోడకు ప్రపంచ పటం తగిలించి, ఆయన వెళ్లాక హాయిగా పడుకునేదాన్ని. ఎవరూ రారంటే ఇక రాత్రీ పగలూ నన్ను నేనే తనిఖీ చేసుకోవాలి. పక్క వీధిలో బడి ఉంది. దానికి జీతం కట్టనక్కర్లేదు. మా ఇంటి పన్నులో పెద్ద వాటా దానికే పోతుంది. ఆ పన్ను కడుతూ, పిల్లను అక్కడికి పంపకుండా, రాత్రి పదకొండింటికి ఫోనులో మీ బొమ్మలు చూస్తున్న తల్లి మీ కంటికి ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోగలను.

రాష్ట్రం పంపని ఇన్‌స్పెక్టరును మా పుట్టింటివారు పంపారు. మా పిన్ని ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తుంది. "అమెరికా వెళ్లింది పిల్లను బడి మాన్పించడానికా?" అని మొదటి వారం. "ఎన్నో ఎక్కం దాకా వచ్చింది?" అని ఆ తరువాత ప్రతి వారం. ఆమెకు మా ఊళ్లో బడి మానేసినవాళ్లు ఇద్దరే తెలుసు. ఒకడు గేదెలు కాశాడు, రెండోవాడు శాసనసభకు పోటీ చేశాడు. కాల్ వచ్చే వేళకు మిమ్మల్ని అరలోంచి తీసి, కెమెరాకు కనిపించేలా వెనక బల్ల మీద పేర్చేదాన్ని. మీ వల్ల ఇంతవరకు జరిగిన మేలు ఇదొక్కటే, కాదనను.

ఇక మీ దాయాదుల, అంటే మిగతా పాఠ్యప్రణాళికల విషయం. మీతో కుదరడం లేదని కాదు, మీకంటే మంచివారు ఉన్నారేమోనన్న అనుమానంతో వాళ్లను రప్పించాను. కేటలాగుల్లో కొన్నిటి మీద 'సెక్యులర్' అని ముద్ర ఉండేది. రాజ్యాంగ పీఠికలో తప్ప నాకు ఆ మాటతో పని పడలేదు. లెక్కల పుస్తకానికి లౌకికత్వం ఎందుకని నవ్వుకున్నాను. ఆ ముద్ర లేని సైన్సు పుస్తకం ఒకటి వచ్చాక నవ్వు ఆగింది. బైబిలు లెక్కన భూమి పుట్టి ఆరు వేల ఏళ్లయిందని అందులో మొదటి పాఠం. అత్తయ్య పంచాంగంలోంచి తలెత్తి, "కలియుగం ఒక్కటే నాలుగు లక్షల ముప్పై రెండు వేల ఏళ్లు కదమ్మా, ఆరు వేలు ఏ మూలకు?" అన్నారు. శాస్త్రజ్ఞుల లెక్క 454 కోట్ల ఏళ్లని చెప్పాను. "ఆ, అలా చెప్పు, బ్రహ్మకు ఒక పగలు," అని మళ్లీ పంచాంగంలోకి వెళ్లిపోయారు. ఆ పుస్తకాన్ని తిప్పి పంపేశాను. ముద్ర ఉన్నవి అన్నిటికంటే ఖరీదు.

మొదటి దాయాది షార్లట్ మేసన్ గారి పద్ధతి. 1842లో పుట్టి 1923లో కన్నుమూసిన ఈ ఆంగ్లేయ విదుషీమణి మీద నాకు నిజంగా గౌరవం ఉంది. చిన్నపిల్లలకు పాఠం పదిహేను, ఇరవై నిమిషాలు మించకూడదంటుంది. చదివినదాన్ని పిల్ల తన మాటల్లో తిరిగి చెప్పాలంటుంది. రోజూ గంటల తరబడి ఆరుబయట తిరగాలి, చూసిన పూలూ పిట్టలూ ఒక పుస్తకంలో గీసుకోవాలి. మాట బంగారం. కాకపోతే ఆవిడ బడి నడిపింది ఇంగ్లండ్‌లో సరస్సుల ఒడ్డున, ఆంబుల్‌సైడ్‌లో. మేముండేది డాలస్‌లో, అదీ ఆగస్టు. పొద్దున పదకొండు దాటితే కాలిబాట మీద అట్టు పోయవచ్చు. సాయంత్రం ఎండ తగ్గాక ప్రకృతిని వెతుక్కుంటూ బయలుదేరితే, అది మాకు సూపర్‌మార్కెట్ కార్ల ఆవరణలో దొరికింది. గ్రాకల్ అని ఇక్కడ ఒక పిట్ట. మన కాకికి నూనె రాసి తోక సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చీకటి పడే వేళకు వందల కొద్దీ దిగి, తుప్పు పట్టిన కిటికీ తీసినట్టు అరుస్తాయి. మీ దాయాది పుస్తకంలో రాబిన్లూ ప్రిమ్‌రోజ్ పూలూ ఉన్నాయి. మా అమ్మాయి ప్రకృతి పుస్తకంలో మొదటి పేజీ: తోపుడు బండి, దాని పక్కన గ్రాకల్, దాని నోట్లో ఆలూ వేపుడు ముక్క. ముక్కకు అంటిన కెచప్ కూడా వదలకుండా గీసింది. మేసన్ గారు చూస్తే మెచ్చుకునేవారే అనుకుంటాను.

రెండో దాయాది 'క్లాసికల్'. ప్రాచీన పాశ్చాత్య విద్యావిధానం అట. ఆరేళ్ల పిల్లలు లాటిన్ క్రియారూపాలు రాగం తీసి చెప్పాలి. "అమో, అమాస్, అమాత్" అని మా అమ్మాయి రెండు రోజులు ఇల్లంతా తిరిగింది. వంటింట్లోంచి అత్తయ్య, "మా నాన్నగారు అరుగు మీద కూర్చోబెట్టి రామః రామౌ రామాః అనిపించేవారు. మధ్యలోనే నిద్రపోయేవాళ్లం. దీనికి ఎంతిచ్చారు?" అని అడిగారు. ఎంతిచ్చానో ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. బట్టీ చదువు వద్దనే కదా పిల్లను ఇంట్లో కూర్చోబెట్టాను! తీరా చూస్తే బట్టీనే, నిగనిగలాడే అట్టతో, డాలర్లు పోసి తెప్పించుకున్నాను.

మూడోది మాంటిస్సోరి, మా నాలుగేళ్లవాడి పేరు చెప్పి కొన్నది. ఆ పద్ధతి కనిపెట్టిన మరియా మాంటిస్సోరి అనే తల్లి 1907లో రోమ్ నగరంలో కూలీల పిల్లల కోసం మొదటి బడి తెరిచింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇచ్చింది. సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పెరిగే పది గులాబీ రంగు ఘనాలు ఆవిడ సృష్టి. ఆ పది చెక్కముక్కలకు నేను పెట్టిన డబ్బు చూస్తే ఆ కూలీల ఇళ్లలో ఎవరూ నమ్మరు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పప్పు పోయించడం మొదటి అభ్యాసం. పోశాడు. ఫ్రిజ్ కింద ఇప్పటికీ కందిపప్పు దొరుకుతోంది. ఇదే పని నా చిన్నప్పుడు మా వంటింట్లో చేసి ఉంటే దాన్ని అభ్యాసం అనేవారు కాదు.

ఇవేవీ వద్దు, పిల్లను వదిలేస్తే తనే నేర్చుకుంటుందనే వర్గమూ ఉంది. 1970లలో జాన్ హోల్ట్ అనే అమెరికా విద్యావేత్త దానికి అన్‌స్కూలింగ్ అని పేరు పెట్టాడు. మా తాతగారి కాలంలో దీన్ని గాలికి తిరగడం అనేవారు. వీపు విమానం మోత అందులో భాగమే, రుసుము లేదు.

ఈ వరసలో నాలుగు పెట్టెలు వచ్చాయి, రెండు వెనక్కి వెళ్లి ఇంకో రెండు వచ్చాయి. ఖాళీ అట్టపెట్టెల్లో పిల్లలిద్దరూ బస్సు ఆట ఆడుతుండేవారు. ఒక మధ్యాహ్నం నేను మీ పందొమ్మిదో వారం పాఠాన్ని ముందుగా చదువుకుంటున్నాను. 'నైఫ్' అనే మాటలో కె అక్షరం ఎందుకు పలకదో చెప్పే పాఠం. మా అమ్మాయి వచ్చి చూసి, "క్నైఫ్" అని చదివింది. కాదు, నైఫ్ అన్నాను. "క కింద న ఒత్తు ఉంటే క్న కదా?" అంది. అత్తయ్య పప్పు ఏరుకుంటూ గుణింతాలూ ఒత్తులూ ఎప్పుడు చెప్పారో నాకు తెలియదు. నా పట్టికలో అది లేదు. ఉన్న అక్షరాన్ని పలకకపోవడం దానికి అన్యాయంగా తోచింది, చాలాసేపు వాదించింది. మీ మార్గదర్శిని వెతికితే 'మీ చిన్నారిని ప్రోత్సహించండి' అని మాత్రమే ఉంది.

వాదన అయ్యాక బస్సులోకి వెళ్లి, పెట్టె పక్కన ఎర్రటి అక్షరాల మీద వేలు పెట్టి, "ఫ్రా... గి... లే" అని కూడబలుక్కుంది. నేను నేర్పకుండా అది చదివిన మొదటి పెద్ద ఇంగ్లీషు మాట. "ఫ్రాజైల్. జాగ్రత్తగా పట్టుకోకపోతే పగిలిపోయేది," అని చెప్పాను. కాసేపు ఆలోచించి, ఆ అక్షరాలు ఒక కాగితం ముక్క మీద రాసి, తమ్ముడి చొక్కాకు వీపు మీద అంటించింది. ఆ పూటంతా వాడిని కొట్టలేదు. టెక్సస్ అడిగిన అయిదింటిలో మంచి పౌరసత్వం ఆ పూటకు పూర్తయినట్టే లెక్క రాసుకున్నాను.

మరెందుకు ఈ ఉత్తరం అంటారా? ఆ రాత్రి పిల్ల చదువుతోందని సంతోషించి నిద్రపోయి ఉంటే ఉత్తరంతో పని లేదు. ఫ్రాజైల్ అనే మాట ఏ తరగతిలో వస్తుందో చూడడానికి మీ కేటలాగు తెరిచాను. ఒకటో తరగతి జాబితాలో లేదు. అంటే పిల్ల ఒకటో తరగతి దాటిపోయినట్టా, లేక మధ్యలో ఏవో వదిలేసి గెంతినట్టా అని తెల్లవారుజామున రెండింటి దాకా మథనపడ్డాను. 2025లో ఈ రాష్ట్రం చేసిన చట్టం వల్ల, 2026-27 విద్యా సంవత్సరం నుంచి, ఎంపికైన ఇంటి చదువు పిల్లలకు ఏడాదికి 2,000 డాలర్ల దాకా ఇస్తారట. ఇక మీ వెల 1,999 అవుతుందని మా ఆయన జోస్యం చెప్పారు. ఆయన మాట నిజమైతే ఇప్పుడే కొనడం పొదుపు కదా?

చిత్తగించవలెను.
ఇట్లు,
మీ ఒకటో తరగతి విద్యార్థిని, పిల్లల తల్లి

తా.క.: రెండో తరగతి పెట్టె ముందుగా తీసుకునేవారికి శుక్రవారం అర్ధరాత్రి వరకు 15 శాతం తగ్గింపు అని మీ నుంచి సందేశం వచ్చింది. ఆ అర్ధరాత్రి న్యూయార్క్ కాలమానం ప్రకారమా, మా డాలస్ కాలమానం ప్రకారమా దయచేసి తెలుపగలరు. ఒక గంట తేడా ఉంది.