బావగారూ, మాకు ఆకాశం నుంచి నెట్ వస్తోందటగా!

నిన్న సాయంత్రం అయిదున్నరకి మా ఫ్యామిలీ గ్రూపులో బావగారు ఒక మెసేజ్ పెట్టారు. బావగారంటే మా అక్క భర్త, విజయవాడ పటమటలో ఉంటారు. మాది కృష్ణ ఏటి పక్క లంక ఊరు. "ఇక పల్లెకీ పట్నానికీ తేడా లేదర్రా. ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటర్నెట్. మా బామ్మర్ది లంకలో కూర్చుని ప్రపంచాన్ని ఏలుతున్నాడు" అని. కింద ఒక రాకెట్టు బొమ్మ, మూడు దండాలు. ఆ మెసేజ్ నాకు అందింది రాత్రి తొమ్మిదింపావుకి. ఎందుకంటే అయిదు నుంచి తొమ్మిది దాకా మాకు వాన. మా నెట్ ఉపగ్రహం నుంచి డాబా మీది డిష్‌కి వస్తుంది, వాన పడితే మా ఏలుబడి ఉండదు.

ఇంకో రోజయితే నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకునేవాణ్ణి. కానీ నిన్న 20వ తేదీ. జీఎస్టీ రిటర్నులు వేసుకుని బతికేవాడికి 20 అంటే ఏంటో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. నెలనెలా 3బీ అనే పన్ను లెక్కల రిటర్ను వేసేవాళ్లకి అది ఆఖరి రోజు. దాటితే రోజుకి 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ. అది కట్టేది క్లయింటు, తిట్లు తినేది నేను. పోనీ ముందే వేసుకోవచ్చు కదా అంటారు. మా వాళ్లు 19 రాత్రి దాకా బిల్లులు పంపితేగా! దుగ్గిరాల పసుపు వ్యాపారి ఒకాయన ఉన్నాడు. నెల బిల్లులన్నీ మంచం మీద విస్తరాకుల్లా పరిచి, పైనుంచి ఒక్కటే ఫొటో తీసి పంపుతాడు. అందులో సగం మీద ఫ్యాను నీడ. సరే, ఆయన పురాణం ఇంకోసారి.

మా ఇంట్లో ఏర్పాటు ఇదీ. నెట్ మోడెం కింద ముందుగదిలో. ఫోను సిగ్నల్ డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన. అదీ ఒక్క గీత. కాల్ వస్తుంది, డేటా రాదు. రిటర్ను వేశాక ఓటీపీ వెళ్లేది క్లయింటు ఫోనుకి. ఆయన దాన్ని చూసి నా ఫోనుకి కాల్ చేసి చెప్పాలి. నా ఫోను డాబా మీద ఉంటుంది, నేను కింద ల్యాప్‌టాప్ ముందు ఉంటాను. కాబట్టి మధ్యలో మా ఆవిడ ఉంటుంది.

నిన్న ఏటి వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తుంటే ఆవిడ గొడుగు పట్టుకుని పైకెళ్లింది. చినుకులు మొదలయ్యాయి. పైనుంచి "నాలుగు... రెండు... ఏడు..." అని అరుస్తోంది. "ఏడా, మూడా?" అంటే "ఏడండీ, ఏ... డు!" ట్యాంకు రేకు మీద వాన చప్పుడు. నాకు మళ్లీ మూడనే వినపడింది. ఈలోగా పక్కింటి పిన్నిగారు పెరట్లో బట్టలు తీసుకుంటూ "ఏడేనయ్యా, నాకు వినపడింది" అంది. ఒక వ్యాపారి పన్ను లెక్క తాలూకు రహస్య సంఖ్య లంకంతా తెలిసిపోయింది. తెలిసినా ఫర్వాలేదు లెండి. ఆరో అంకె కొట్టేసరికి మోడెం మీద ఆకుపచ్చ లైటు ఎర్రగా మారింది.

ఆ తర్వాత నేనే డాబా ఎక్కి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. "మీ దగ్గర వాతావరణం ఎలా ఉంది సార్?" అంది ఆ అమ్మాయి. వాన పడుతోందమ్మా అన్నాను. "తగ్గాక వచ్చేస్తుంది సార్. ఈలోపు ఒక స్పీడ్ టెస్టు చేసి స్క్రీన్‌షాట్ పంపిస్తారా?" అంది. నేను తడుస్తూ నిలబడి ఉన్నాను. ఆ పిల్లనేమంటాం, కాగితం మీద ఏముంటే అది చదువుతుంది.

మా పెళ్లిళ్లలో నన్ను పట్టుకుని "డిష్షేగా, వానకి ఎందుకు పోతుంది?" అని అడిగే మేధావుల కోసం మళ్లీ చెబుతున్నాను. మీ ఇంట్లో టీవీ డిష్ గట్టివానలో ఏం చేస్తుంది? బొమ్మ ముక్కలై 'సిగ్నల్ లేదు' అంటుంది కదా. ఇదీ అంతే. ఆ తరంగాల ఫ్రీక్వెన్సీ ఎక్కువ. వాన చినుకులు వాటిని దారిలోనే మింగేస్తాయి. టీవీ పోతే సీరియల్ పోతుంది. నాకు 3బీ పోతుంది.

వాన లేనప్పుడు బాగుంటుందా అంటే, అప్పుడూ ఒక తమాషా ఉంది. మా డిష్ చూసే ఉపగ్రహం ఎక్కడో భూమధ్యరేఖ మీద, 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మనం ఒక క్లిక్ కొడితే అది పైకి వెళ్లాలి, కిందికి రావాలి. జవాబు మళ్లీ పైకి వెళ్లాలి, కిందికి రావాలి. కాంతి వేగంతో వెళ్లినా దగ్గర దగ్గర అరసెకను పడుతుంది. అరసెకనే కదా అనుకుంటారు. మా అమ్మ అమెరికాలో ఉన్న మనవడితో వీడియోలో మాట్లాడేటప్పుడు చూడాలి. అమ్మ "తిన్నావా?" అంటుంది. జవాబు రాలేదని "ఏరా, పలకవే?" అంటుంది. వాడు అప్పుడే "తిన్నా నాన్నమ్మా" అంటాడు. ఆ 'తిన్నా' ఈ 'పలకవే' మీద పడుతుంది. ఇద్దరూ ఆగిపోతారు. మళ్లీ ఇద్దరూ ఒకేసారి మొదలెడతారు. చివరికి అమ్మ ఫోను నా చేతికిచ్చి "వాడు పెద్దాళ్ల మాటకి అడ్డొస్తున్నాడు" అంటుంది. పిల్లాడి మీద పడ్డ ఆ నింద 36 వేల కిలోమీటర్లది.

కిందగా తిరిగే ఉపగ్రహాలొస్తున్నాయిగా, నీ కష్టాలు తీరిపోతాయిలే అని ఇంకో ఓదార్పు. తెలుసండీ, నేనూ పేపరు చదువుతాను. ఎలాన్ మస్క్ కంపెనీ స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి. ఆ అరసెకను బాధ ఉండదు. 2021లోనే మనదేశంలో ముందస్తు బుకింగులు తీసుకున్నారు. లైసెన్సు లేదని ప్రభుత్వం అభ్యంతరం పెడితే డబ్బు వెనక్కిచ్చారు. లైసెన్సు వచ్చింది 2025 జూన్‌లో. జూలైలో మన గుంటూరు ఎంపీ, టెలికం సహాయమంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ గారు దేశం మొత్తానికి వాళ్లు 20 లక్షల కనెక్షన్లు మాత్రమే ఇవ్వగలరని చెప్పారు. ఇక్కడ బావగారి ఇంకో జోకు ఉంది. "మీ ఎంపీగారే టెలికం మంత్రి, గ్రామీణాభివృద్ధి కూడా ఆయన దగ్గరే. నీ అంత అదృష్టవంతుడు దేశంలో ఎవడున్నాడోయ్?" నిజమే. ఆ అదృష్టం రోజూ డాబా ఎక్కుతోంది, దిగుతోంది.

నాకు కావాల్సింది ఆకాశం కాదు బాబూ, మూడు కిలోమీటర్ల తీగ. పక్క ఊరి దాకా ఫైబర్ వచ్చింది. ఏటికట్ట దగ్గర ఆఖరి స్తంభానికి చుట్ట చుట్టి వేలాడదీశారు. కట్ట దాటి రమ్మంటే "ముప్పై ఇళ్లు ఒప్పుకుంటే చూద్దాం" అన్నారు. పదకొండు ఇళ్లు ఒప్పుకున్నాయి. అయినా వరదకి కొట్టుకుపోయే చోట స్తంభాలెందుకన్నారు. ఇప్పుడు అడిగితే "మీకు శాటిలైట్ ఉందిగా సార్" అంటున్నారు. చూశారా! గతిలేక పెట్టుకున్న డిష్ ఇప్పుడు తీగ వేయకపోవడానికి సాకయింది. బావగారికి పటమటలో ఫైబర్ బిల్లు నెలకి ఆరువందలు, వాడినంత వాడుకోవచ్చు. నాది దానికి ఏడు రెట్లు, పైగా డేటా కొలిచి పోస్తారు.

న్యాయంగా మాట్లాడాలంటే దాన్ని మెచ్చుకోవాల్సిన రోజులూ ఉన్నాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు మా వైపు లంకలన్నీ మునిగాయి. విచిత్రం ఏంటంటే అప్పటికి మాకు వాన ఆగిపోయింది. పైన ఎండ, కింద వరద. కరెంటు లేదు, సెల్ టవరు చచ్చిపోయింది. ఇన్వర్టరు మీద మా డిష్ ఒక్కటే పనిచేసింది. వాకిట్లోకి నీళ్లొస్తే జనం మా డాబా ఎక్కారు. నలభై మంది దాకా ఉంటారు. ఒక్కొక్కరూ పిల్లలకి ఫోన్ చేసి "బానే ఉన్నాం" అని చెప్పుకున్నారు. పిన్నిగారైతే కూతురి గొంతు వినపడగానే మాట్లాడలేక ఫోను నాకిచ్చేసింది. ఆ రోజు ఆ డిష్‌కి దండం పెట్టాను, నిజం.

రెండోరోజు మధ్యాహ్నానికి నెల డేటా అయిపోయింది. జనం వాడి కాదండీ, వాళ్లు ఎంత పొదుపుగా మాట్లాడారో నాకు తెలుసు. ఫ్యామిలీ గ్రూపులో బావగారు పంపిన వీడియోలు! విజయవాడని ముంచిన బుడమేరు వీడియో, బ్యారేజీ గేట్లకి పడవలు గుద్దుకున్న వీడియో, అదే పడవ ఇంకో వైపు నుంచి, హెలికాప్టర్లో పాల ప్యాకెట్లు. నా ఫోన్లో అవి వాటంతటవే దిగిపోయాయి. వరదలో ఉన్నవాడికి వరద వీడియోలు! తర్వాత ఫోన్ చేసి "చూశావా, ఎంత ఘోరమో!" అన్నారు. చూడలేదు బావగారూ, కిటికీ లోంచి చూస్తున్నా అన్నాను.

ఇప్పుడు బావగారి మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి కూడా చెప్పేస్తాను. ఆ డిష్ దక్షిణం చూడాలి, కాస్త నైరుతి వైపు. బిగించడానికి గుంటూరు నుంచి కుర్రాడు వస్తే అమ్మ ఒప్పుకోలేదు, యముడి దిక్కుకి మొహం పెట్టి ఏం సామానురా అని. సిద్ధాంతిగారు నైరుతి మూల బరువు ఉండటం మంచిదేనన్నాక నాలుగు సిమెంటు దిమ్మెలతో సహా పెట్టనిచ్చింది. అంత కష్టపడి నిలబెట్టిన డిష్. సంక్రాంతికి బావగారి పిల్లలు డాబా మీద గాలిపటాలు ఎగరేశారు. దారం డిష్ చేతికి చుట్టుకుంది. బావగారే స్వయంగా వెళ్లి లాగారు. చూడ్డానికి ఏమీ కాలేదు. కానీ ఇక్కడ ఒక్క డిగ్రీ పక్కకి జరిగితే అక్కడ 36 వేల కిలోమీటర్ల దూరాన 600 కిలోమీటర్ల పైచిలుకు తేడా. ఇంచుమించు విజయవాడ నుంచి బెంగళూరు వెళ్లినంత. డిష్ బెంగళూరు వెళ్లిపోయింది, బావగారు అరటిగెల, కంద, పసుపు డిక్కీలో వేసుకుని విజయవాడ వెళ్లిపోయారు. మనిషి వచ్చి సరిచేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. విజిటింగ్ ఛార్జీ నాదే. మధ్యలో 20వ తేదీ కూడా వచ్చిపోయింది. ఆ నెల లేటు ఫీజులు నేనే కట్టాను, క్లయింట్లకి చెప్పుకోలేక.

ఆ డాబాకే, నాన్న పోయిన ఏడాది, వాన కారుతోంది, తలా కొంత వేసుకుని బాగుచేయిద్దాం అన్నాను. అక్క వాటా అక్కకిచ్చాం, దాని మీద నాకే పేచీ లేదు. కానీ బావగారు ఏమన్నారో తెలుసా? "ఉండేది నువ్వేగా. ఊళ్లో నీకు ఖర్చేముంది?" ఆ మాట పదేళ్లుగా నా చెవిలో ఉంది. ఇన్వర్టరు బ్యాటరీ మార్చినప్పుడు గుర్తొస్తుంది, అమ్మని అర్ధరాత్రి తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు గుర్తొస్తుంది, ఈ డిష్ బిల్లు కట్టినప్పుడల్లా గుర్తొస్తుంది. వచ్చిన ప్రతివాళ్లూ డాబా ఎక్కి, గాలి పీల్చి, "ప్రశాంతత అంటే ఇదిరా" అని ఫొటో తీసుకుంటారు. ఫొటోలో నా డిష్ పడకుండా కెమెరా పక్కకి తిప్పుతారు.

నిన్నటి రిటర్ను రాత్రి పదకొండూ నలభైకి వెళ్లింది. "వెళ్లిందిగా, ఇంకేం?" అంటారు, తెలుసు. మా ఆవిడకి పొద్దుటి నుంచి తుమ్ములు.

ఇది ఫోన్లో రాసి పెట్టుకుంటున్నాను. మళ్లీ మబ్బు పట్టింది, తెరిపిచ్చాక పోతుంది. బావగారూ, మీకు ఎప్పుడు అందుతుందో తెలియదు కానీ, ఈసారి సంక్రాంతికి వచ్చినప్పుడు కనుమ అవగానే వెళ్లిపోకండి. 20 దాకా ఉండండి. డాబా మీద గొడుగు పట్టుకుని, ఏడుని ఏడులాగా అరిచే మనిషి కావాలి.