అద్దాలతో ఆగని కంటి పరీక్ష కావాలి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కంటి శిబిరమంటే శుక్లం ఉందో లేదో చూడటం, దగ్గరి చూపునకు అద్దాలివ్వడం అన్నట్టుగా స్థిరపడిపోయింది. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, 2023లో దాని రెండో విడత లక్షలాది మందికి అద్దాలందించాయి. ఆ మేలును మేము తక్కువ చేయం. అయితే జనం నీటి కాసులని పిలిచే గ్లాకోమా అద్దాల పరీక్షకు దొరికే జబ్బు కాదు. దాని ఆనవాళ్లు కంటి వెనుక, దృష్టి నాడి మెదడుకు బయలుదేరే ఆప్టిక్ డిస్క్ వద్ద ఉంటాయి.

ఆ చిన్న గుండ్రని చోట 10 లక్షలకు పైగా నాడీ పోగులు జల్లెడ వంటి పొరను దాటి వెళతాయి. కంటిలో ఊరే ద్రవం సరిగా బయటకు పోక ఒత్తిడి పెరిగినప్పుడు ఆ పొర వెనక్కి వంగి, దాని రంధ్రాల్లో పోగులు నలిగి, వాటి గుండా నిత్యం సాగవలసిన పోషక పదార్థాల రవాణా స్తంభిస్తుంది. నాడికి రక్తప్రసరణా తగ్గుతుంది. పోగులు చచ్చేకొద్దీ డిస్క్ మధ్యనున్న గుంట, ముఖ్యంగా పైకీ కిందికీ, పెద్దదవుతుంది. చుట్టూ ఉన్న అంచు పలుచబడుతుంది. ఎక్కువమందిలో నొప్పి ఉండదు. ముందుగా తరిగేది పక్క చూపు కనుక, ఎదుటి మనిషి ముఖం చక్కగా కనిపిస్తున్న రైతుకు తన చూపు పోతున్న సంగతే తెలియదు. చచ్చిన నాడికి మందు లేదు. ఉన్నదాన్ని నిలుపుకోవడమే చికిత్స.

1990ల చివర్లో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలనూ కలుపుకొని జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో, గ్లాకోమా ఉన్నవారిలో అత్యధికులకు అది అంతవరకు బయటపడనే లేదని తేలింది. ఒత్తిడి ఒక్కటి కొలిస్తే చాలన్న వాదన కూడా నిలవదు. సాధారణమనుకునే 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరస హద్దులోనే ఒత్తిడి ఉండి, డిస్క్ దెబ్బతిన్నవారు మన దేశంలో తక్కువేమీ కాదు.

అందుకే 40 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, నీటి కాసులున్న వారి అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పిల్లలకూ డిస్క్ పరీక్ష జరగాలని మేము కోరుతున్నాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన కంటి లోపలి ఫొటోను నల్లగొండ, మహబూబ్‌నగర్ వైద్య కళాశాలల నేత్ర వైద్యులు చూసి చెప్పే ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. మెడికల్ షాపుల్లో కన్ను ఎర్రబడిందనగానే చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు కొందరిలో ఒత్తిడిని ప్రమాదకరంగా పెంచుతాయి. ఆ అమ్మకాన్ని ఔషధ నియంత్రణ అధికారులు ఆపాలి. బీపీ, షుగర్ మాత్రల మాదిరే గ్లాకోమా చుక్కలనూ ప్రభుత్వం ఉచితంగా ఇవ్వాలి, పాలమూరు నుంచి ముంబై, పుణెలకు వలస వెళ్లేవారికైతే తిరిగొచ్చేదాకా సరిపడా ఒకేసారి ఇవ్వాలి.