లామినేషన్ చేయించిన హార్స్ పవర్

భౌతికశాస్త్రం ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మలుపు చివరికి విశాఖ గాజువాక ఆటోనగర్‌లో వచ్చింది. అదే ఇంజిను, అదే డీజిలు, అదే 55 టన్నుల ట్రైలరు. పావుగంట ల్యాప్‌టాప్ తగిలించి ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు తిరగరాస్తే చాలు, పవర్ 25 శాతం పెరుగుతుంది, మైలేజ్ 15 శాతం పెరుగుతుంది, పికప్ అదిరిపోతుంది. ఎలా తెలిసిందని అడగకండి, గ్రాఫ్ ఉంది. కలర్ ప్రింటు. పైగా లామినేషన్.

ఆ గ్రాఫ్ ఇప్పుడు ఓ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో సింహాద్రి అప్పన్న పటం పక్కన, మేకుకి వేలాడుతోంది. కింద నీలం గీత, పైన ఎర్ర గీత. నీలం పాతది, ఎర్రది కొత్తది. ఎడమవైపు అంకెలు సున్నా దగ్గర కాకుండా 200 దగ్గర మొదలవుతాయి కాబట్టి రెండు గీతల మధ్య ఓ లారీ దూరిపోయేంత జాగా కనిపిస్తుంది. బండి నంబరు లేదు, తేదీ లేదు, లోడెంతో లేదు, ఏ గేర్లో తీశారో లేదు. వచ్చినవాళ్ళందరికీ ఓనర్ గారు దాన్ని చూపించి, "చూశారా గురువుగారూ, ఇదీ సైన్సంటే" అంటారు. మనం చూస్తాం. టీ వస్తుంది. తాగుతాం.

ఇంతకీ ఆ ఎర్ర గీత ఏమిటి? ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో, కొత్తగా రాసిన టార్క్ మ్యాప్, తిప్పే బలం పట్టిక. ఇంజిన్‌ని ఎంత ఇమ్మని అడిగారో అది చెబుతుంది. ఇంజిన్ ఎంత ఇచ్చిందో చెప్పదు. బడ్జెట్‌లో కేటాయింపు చూసి, మా వీధికి రోడ్డు పడిపోయిందని స్వీట్లు పంచుకోవడం లాంటి వ్యవహారం ఇది. ఆ కాగితం ప్రింటరులోంచి వచ్చేనాటికి బండి ఇంకా పోర్టు గేటు దగ్గర క్యూలో ఉంది.

పవర్ అసలు పెరగదని నేను అనడం లేదు. టర్బో డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్షన్ పరిమాణం, రైల్ ప్రెజర్ (డీజిల్‌ని చిమ్మే ఒత్తిడి), బూస్ట్ (టర్బో లోపలికి తోసే గాలి ఒత్తిడి) పెంచితే పవర్ పెరుగుతుంది. ఒకే ఇంజిన్‌ని కంపెనీలే రెండు మూడు హార్స్ పవర్లలో అమ్ముతుంటాయి. క్లచ్ ప్లేటు, టర్బో, గేర్‌బాక్స్ ఆ భారాన్ని ఎన్నాళ్ళు మోస్తాయన్నది వేరే కథ, దాన్ని మెకానిక్‌లు చెబుతారు, బిల్లుతో సహా. నా గొడవల్లా ఒక్కటే. ఎంత పెరిగింది? ఎవరు కొలిచారు? దేంతో?

కొలిచారు, పాపం. కొలవలేదంటే కళ్ళు పోతాయి. ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ పలచగా ఉంటుందని, షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ వైపు పోయే పోర్టు కనెక్టివిటీ రోడ్డు మీద ట్రయల్ పెట్టారు. శాస్త్రవేత్తల బృందంలో ఓనర్ గారు, ఆయన బావమరిది, ఇస్త్రీ చొక్కాలో ట్యూనింగ్ నిపుణుడు, ఇద్దరు క్లీనర్లు, నిమ్మకాయలు తెచ్చిన ఒక పెద్దాయన. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ రోజు మొత్తంలో బండి కచ్చితంగా ప్రయోగించిన బలం ఆ నిమ్మకాయల మీదే.

పాత రీడింగ్ అంటూ ఒకటి ఉండాలి కదా. ఉంది. మే నెలలో, స్టీల్ కాయిల్స్ ఫుల్ లోడుతో, ఎదురుగాలిలో, టైర్లలో గాలి తక్కువైన రోజున 'బండి లాగట్లేదు' అని డ్రైవర్ ఫోన్‌లో అన్నమాటే పాత రీడింగ్. కొత్త రీడింగ్ కోసం వెనకున్న ట్రాలీ విప్పేసి, ఉత్త ముందు బండి మాత్రమే తీసుకొచ్చారు. ఎందుకండీ అంటే, "ఇంజిన్ పవర్ కదా సార్ చూసేది, ట్రాలీ పవర్ కాదు కదా" అన్నాడు నిపుణుడు. బృందం తలూపింది. ఆ తలూపడాన్ని గ్రాఫ్ గీస్తే గీత నిట్టనిలువుగా పోయేది.

టైమ్ కొలిచే బాధ్యత బావమరిది ఫోన్‌కి అప్పగించారు. నిలబడ్డ చోటు నుంచి గంటకు 60 కిలోమీటర్లు అందుకోడానికి ఎన్ని సెకన్లు? బావమరిది "వన్, టూ, త్రీ" అన్నాడు. డ్రైవర్ టూ దగ్గర కదిలించాడు, బావమరిది త్రీ దగ్గర నొక్కాడు. మధ్యలో ఆయన ఫోన్‌కే పెళ్ళిసంబంధం గురించి కాల్ వచ్చింది. రెండోసారి ఓ గేదె రోడ్డు దాటింది. మూడోసారి స్పీడోమీటర్ ముల్లు 60 దగ్గరికి వచ్చిందా, 55 దగ్గరే వణుకుతోందా అన్న విషయంలో క్యాబిన్‌లోనే అభిప్రాయభేదం వచ్చింది, ఎందుకంటే ముగ్గురు మూడు కోణాల్లోంచి చూస్తున్నారు. ఒకరు పదహారు అన్నారు, ఒకరు పద్నాలుగు, నిపుణుడు పదకొండు. సగటు తీద్దామని ఒక క్లీనర్ కుర్రాడు అన్నాడు. వాణ్ణి టీ తీసుకురమ్మని పంపించేశారు. పదకొండు ఖాయమైంది.

ఈలోగా సైలెన్సర్ లోంచి నల్లటి పొగ ఒక్క గుప్పున వచ్చింది. "అదిగో పవర్!" అన్నారు ఓనర్ గారు, ఆనందంతో గొంతు పూడుకుపోయి. నల్ల పొగ అంటే సరిపడా గాలి దొరక్క సగం కాలిన డీజిల్. ఆయన డబ్బు పెట్టి కొన్న డీజిలే. తన డబ్బు తన కళ్ళముందే మబ్బులా పైకి పోతుంటే చప్పట్లు కొట్టిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

తర్వాత డ్రైవర్ని పిలిచి, "ఏరా, ఎలాగుంది?" అని అడిగారు. "బాగుంది బాబూ, తేలిగ్గా లాగుతోంది" అన్నాడతను. వెనక ట్రాలీ లేదు. తేలిగ్గా లాగక ఏం చేస్తుంది? పైగా ఇందులో ఇంకో కిటుకుంది. యాక్సిలరేటర్ పెడల్ మ్యాప్ మార్చేస్తే పావు వంతు తొక్కగానే సగం తొక్కినంత ఇంధనం వెళ్తుంది. పూర్తిగా తొక్కినప్పుడు వచ్చే పవర్ అంగుళం కూడా పెరగకపోవచ్చు, కాలికి మాత్రం బండి దూకినట్టే ఉంటుంది. అందరూ కాలిని నమ్ముతారు. కాటా చీటీని ఎవరూ అడగరు.

అడిగితే ఏమయ్యేదో చెబుతాను, ఖర్చులేని పని. మన పోర్టు నుంచి సాలూరు మీదుగా రాయపూర్ వైపు పోయే బండ్లు ఘాట్ ఎక్కాల్సిందే. కాటా వేయించి, 55 టన్నుల చీటీ జేబులో పెట్టుకుని, ఘాట్‌లో 100 మీటర్ల ఎత్తు తేడా ఉన్న రెండు రాళ్ళ మధ్య టైమ్ చూసుకోండి. అంత బరువుని అంత ఎత్తు లేపడానికి కావలసిన శక్తి 15 యూనిట్ల కరెంటుతో సమానం. 5 నిమిషాల్లో ఎక్కితే ఎత్తడానికే 180 కిలోవాట్లు, అంటే సుమారు 240 హార్స్ పవర్ చక్రాల దగ్గర ఖర్చయినట్టు. రోడ్డు రాపిడికి ఇంకాస్త. ఇప్పుడు నిపుణుడి 25 శాతం నిజమైతే, అదే లోడుతో అదే ఎక్కుడు 4 నిమిషాల్లో అయిపోవాలి. ఒక నిమిషం తేడా. దీనికి ఎర్ర గీత అక్కర్లేదు, బావమరిది కూడా అక్కర్లేదు. ఘాట్‌కి మొహమాటం లేదు, టీ తాగదు.

ఒక్కసారి ఎక్కి ఊరుకుంటే కుదరదనుకోండి. కొత్త మ్యాప్‌తో నాలుగైదుసార్లు, మళ్ళీ పాత మ్యాప్ ఎక్కించి నాలుగైదుసార్లు, ఏది ఏ మ్యాపో డ్రైవర్‌కి చెప్పకుండా. పాత మ్యాప్ మళ్ళీ ఎక్కించమని అడిగినప్పుడు నిపుణుడి మొహం చూడాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోతుంది. కేబుల్ తమ్ముడు పట్టుకెళ్ళి ఉంటాడు.

మైలేజ్ కొలత ఇంకా భక్తిపూర్వకంగా జరుగుతుంది. ట్యాంకు నింపు, తిరిగిరా, మళ్ళీ నింపు, భాగించు. బంకులో బండి ఓ పక్కకి వొరిగి నిలబడితేనే లీటర్లకు లీటర్లు తేడా వస్తుంది. ఒక్కో డిగ్రీ వేడికి డీజిల్ పది వేలకి 8 పాళ్ళ చొప్పున ఉబ్బుతుంది, అంటే కొరాపుట్ చలిలో నింపిన 400 లీటర్లకీ మన మధ్యాహ్నపు ఎండలో ఉన్న 400 లీటర్లకీ 15 డిగ్రీల తేడా ఉంటే దాదాపు 5 లీటర్లు ఉత్తినే కనిపిస్తాయి. పోర్టు గేటు దగ్గర ఇంజిన్ ఆపకుండా క్యూలో ఉంటే గంటకు 2, 3 లీటర్లు అక్కడే ఆవిరి. వచ్చేటప్పుడు లోడు దొరికిందా, ఖాళీగా వచ్చిందా అన్న ఒక్క విషయమే నిపుణుడి 15 శాతాన్ని మింగేసి త్రేన్చగలదు.

"డాష్‌బోర్డ్‌లోనే చూపిస్తోంది కదండీ" అంటారు. అక్కడే ఉంది అసలు చమత్కారం. డాష్‌బోర్డ్ దగ్గర డీజిల్ కొలిచే గిన్నె లేదు. ఇంజెక్టర్లని ఎంత తెరవమని తాను చెప్పిందో దాన్నిబట్టి ఈసీయూ లెక్కగట్టి చూపిస్తుంది. ఆ లెక్కలనే మార్చేశాక అది పాత లెక్క ప్రకారమే చెబుతూపోవచ్చు. లోపలికి ఎక్కువ పోతున్నా తక్కువే పోయిందని చూపించవచ్చు. బండి తాగింది ఎంతో తెలియాలంటే ట్యాంకుని తూచాలి. అమెరికా ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ జె1321 అని ఒక పద్ధతే రాసిపెట్టింది. మార్చిన బండితో పాటు, ఏమీ మార్చని ఇంకో బండిని అదే రోడ్డు మీద అదే సమయానికి నడిపి, ఇంధనాన్ని తూకం వేసి పోల్చాలి. గాలి, వాన, ట్రాఫిక్ రెండింటికీ ఒకటే అవుతాయి కాబట్టి వాటి మీదకి నెట్టడానికి లేదు. మన ఓనర్ గారికి బండ్లు చాలానే ఉన్నాయి. లేనిదల్లా ఒక తూకం, కాస్త సిగ్గు.

ఇదే ప్యాకేజీలో, అడిగినవాళ్ళకి, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించే డీఈఎఫ్ ద్రవం (డ్రైవర్లు దాన్ని యూరియా అంటారు) కూడా ఆపేసి ఇస్తారట, ఖర్చు ఆదా. ప్రభుత్వం 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నియమాలు తెచ్చి, భారీ వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్లకి కిలోవాట్ గంటకి పాత 3.5 గ్రాముల పరిమితిని అరగ్రాము లోపుకి దించింది, ఇలా ఓ కేబుల్‌తో వెనక్కి లాగడానికి కాదు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన లెక్కలు మార్చకూడదనే అంటుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చేస్తుంది లెండి. నిలబెట్టి ఖాళీగా రేజ్ చేసి చూసే పరీక్షకి లోడుతో ఫ్లైఓవర్ ఎక్కే బండి ఏం వదులుతోందో ఎలా తెలుస్తుంది? దాని వెనక స్కూటర్ మీద పిల్లని స్కూల్‌కి తీసుకెళ్ళే తండ్రికి తెలుస్తుంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఓనర్ గారి డబ్బు, ఓనర్ గారి ఇష్టం, ఓనర్ గారి టర్బో. కానీ ఆ గ్రాఫ్ మేకుకి ఎక్కిన మర్నాడు ఏం జరిగిందో తెలుసా? డ్రైవర్ల యావరేజ్ మార్చారు.

అంతకుముందు లీటరుకి మూడున్నర కిలోమీటర్లు లెక్క. 15 శాతం కలిపితే 4.025. ధర్మాత్ముడు, ఆ పాయింట్లు వదిలేసి 4 ఖాయం చేశారు. రాయపూర్ పోనూ రానూ 1,000 కిలోమీటర్ల పైమాటే, వెయ్యే అనుకుందాం. పాత లెక్కన 286 లీటర్లు, కొత్త లెక్కన 250. బండి ఎప్పటిలాగే తాగుతుంది, దానికి గ్రాఫ్ చదవడం రాదు. ఆ 36 లీటర్లు షార్టేజ్. ఎవరి మీద రాస్తారు? ల్యాప్‌టాప్ మీద రాయరు. ఎర్ర గీత మీద రాయరు. డ్రైవర్ బత్తాలోంచి కోస్తారు. లీటరు 97 అనుకున్నా ట్రిప్పుకి 3,500 రూపాయలు. రాత్రుళ్ళు నిద్ర మానుకుని, ఘాట్‌లో బ్రేకులు చూసుకుంటూ, టోల్ దగ్గరా చెక్‌పోస్ట్ దగ్గరా మాటలు పడుతూ సంపాదించిన దాంట్లోంచి.

పైగా మాట. "డీజిల్ ఎక్కడ అమ్మేశావురా?" ఇరవై ఏళ్ళుగా స్టీరింగ్ పట్టిన మనిషిని పట్టుకుని, క్లీనర్ల ముందు. అతనేమంటాడు? "బండి అంత ఇవ్వట్లేదు బాబూ, మీరే ఓసారి వచ్చి చూడండి" అన్నాడు. ఓనర్ గారు కుర్చీలోంచి లేవలేదు. వేలితో గోడ చూపించారు. ఒరే, ఆ గోడ మీద ఉన్నది రుజువు కాదు, రసీదు! నువ్వు మోసపోయినందుకు వాడిచ్చిన రసీదు! దాన్ని చూపించి ఇంకొకడి కడుపు కొడతావా? పదకొండు సెకన్లని నలుగురు కూర్చుని ఓట్లేసి తేల్చినవాళ్ళు, ఒక్క లీటరు తేడాకి ఒక మనిషిని దొంగని చేస్తారా? కొలవడం చేతకాకపోతే కొలవకండి. కొలవని దాన్ని కోయడం మాత్రం ఎక్కడ నేర్చుకున్నారు?

ఆ డ్రైవర్ మానేశాడు. తర్వాత వచ్చిన కుర్రాడికీ షార్టేజే వచ్చింది. ఆ తర్వాతి వాడికీ అంతే. ముగ్గురు డ్రైవర్లు, ఒకటే బండి, ఒకటే రోడ్డు, ఇంచుమించు ఒకటే అంకె. మొత్తం వ్యవహారంలో ఎవరూ పెట్టకుండానే జరిగిన సిసలైన ట్రయల్ ఇదొక్కటే, ఫలితం కూడా పుస్తకంలో రాసే ఉంది. ఓనర్ గారు దాన్ని చదివి, ఈ రోజుల్లో నమ్మకస్తుడు దొరకడం లేదని నిట్టూర్చారు.

నిపుణుడు మొన్న మళ్ళీ వచ్చాడు. మొదటిది స్టేజ్ 1 మాత్రమేనట, అసలు రుచి స్టేజ్ 2లో ఉందట. ఓనర్ గారు అడ్వాన్స్ ఇచ్చేశారు. బండి రాయపూర్ నుంచి తిరిగి రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది, కానీ కొత్త యావరేజ్ 4.4 అని ఆఫీసు బోర్డు మీద ఈ సాయంత్రమే రాయించారు.